పద్నాలుగు అంశాల కాగితం మీద నేను సంతకం ఎందుకు పెట్టలేదంటే

చెన్నైలోని మన తెలుగు సంఘం కమిటీ పెద్దలకు, పాస్టర్ అయ్యగారికి, ఆ కాగితం తయారుచేసిన యూత్ తమ్ముళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర అందరికీ ఒక కాగితం పంచారు. పైన 'మా విశ్వాస ప్రకటన' అని ఉంది. కింద పద్నాలుగు అంశాలు, ఆ కింద పేరు, ఫోన్ నంబరు, సంతకం. నెలాఖరులోగా సంతకం పెట్టి ఇవ్వనివారి పేర్లు సభ్యుల జాబితాలో ఉండవని మైకులో చెప్పారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో సంఘ మీటింగులో చెబుదామనుకున్నాను కానీ, అక్కడ ఆడవాళ్లు మాట్లాడే వంతు చివర్లో వస్తుంది, అప్పటికి టీ కూడా వచ్చేస్తుంది. అందుకే రాస్తున్నాను.

సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. పెరంబూరు, అయనావరం వైపు మనవాళ్లు చదివితే వాళ్లకే తెలుస్తుంది. తెలియనివాళ్లకు తెలియాల్సిన పని లేదు. ఇలాంటి కాగితాలు ఈ ఊళ్లో మన దగ్గర ఒక్కచోటే పంచుతున్నారని నేననుకోను. నా సంగతి మీకు తెలిసిందే. మా నాన్న ఒంగోలు పక్క పల్లె నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు నాదే. కమిటీలో ముగ్గురు నా దగ్గర కంఠత వాక్యాలు అప్పజెప్పినవాళ్లే కాబట్టి, కొంచెం చనువుగా రాస్తే ఏమీ అనుకోకండి.

సంఘం ఏం నమ్ముతుందో కాగితం మీద పెట్టడం తప్పని నేననను. ఫోన్లో రోజుకో బోధ వినిపిస్తోంది. నెల్లూరు నుంచి, విజయవాడ నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డు నుంచి రెండు బస్సులు మారి మన దగ్గరకు వస్తున్నారు. "ఇక్కడ ఏం నమ్ముతారు?" అని అడిగితే చూపించడానికి ఒకటి ఉండాలి. మీ కాగితంలో మొదటి నాలుగు అంశాలు చదివి సంతోషపడ్డాను కూడా. దేవుడు ఒక్కడే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వంగా ఉన్నాడు. యేసు నిజంగా దేవుడు, నిజంగా మనిషి. లేఖనాలు దేవుని వాక్యం. మన క్రియల వల్ల కాదు, కృప చేతనే రక్షణ. వీటితో నాకు ఏ పేచీ లేదు. త్రిత్వాన్ని గురించి మీరు రాసిన రెండు వాక్యాలు నేను పిల్లలకు చెప్పినదాని కంటే మేలు. నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అని చెప్పుకుంటూ వచ్చాను చాలా ఏళ్లు. ఒకే నీళ్లు మూడు వేషాలు వేసినట్టు తండ్రే కుమారుడిగా, కుమారుడే ఆత్మగా మారతాడని చెప్పడం సంఘం ఎప్పుడో మూడో శతాబ్దంలోనే తోసిపుచ్చిన బోధ అని, ఒకసారి వాక్యం చెప్పడానికి వచ్చిన అయ్యగారు భోజనాల దగ్గర నెమ్మదిగా చెప్పారు. సిగ్గేసింది. ఆ రోజు నుంచి మంచుగడ్డ మానేశాను.

నా బాధ ఐదో అంశం నుంచి మొదలవుతుంది.

ముందు ఒక మాట అడగాలి. మనం ఏం నమ్ముతామో ఇన్నాళ్లూ కాగితం మీద లేదనా మీ ఉద్దేశం? చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం లేచి నిలబడి చెప్పుకున్నది ఏమిటి మరి? "పరలోక భూలోకములను సృజించిన సర్వశక్తిగల తండ్రియైన దేవుని నమ్ముచున్నాను" అని మొదలయ్యే అపొస్తలుల విశ్వాస ప్రమాణం. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ ప్రమాణం మొత్తం వచ్చు. చెవితో విని నేర్చుకుంది కాబట్టి కొన్ని మాటలు ఆమెవే. నాకు కూడా ఏడెనిమిదేళ్ల వరకు 'పొంతి పిలాతు' అంటే పాండిచ్చేరి ఆయన అనే లెక్క. మద్రాసులో పుట్టిన పిల్లకు 'పొంతి' అని వినిపిస్తే పాండి బస్సే కదా గుర్తొచ్చేది. ఆయన మన పక్క ఊరి ఆయన అయ్యుండి యేసయ్యను సిలువ వేయించాడేమిటని చాలా రోజులు కోపంగా ఉండేది.

తర్వాత తెలిసింది, ఆ పేరు అక్కడ ఊరికే లేదని. పిలాతు సుమారు క్రీస్తుశకం 26 నుంచి 36 వరకు యూదయకు రోమా గవర్నరు. ప్రమాణంలో దేవుడు, యేసు, మరియమ్మ తర్వాత పేరు పెట్టి చెప్పింది అతన్నే. అతనేమీ భక్తుడు కాదు. కానీ ఆ పేరు వల్ల మన విశ్వాసానికి ఒక ఊరు, ఒక కాలం వచ్చాయి. అనగనగా ఒక రాజు అన్నట్టు కాదు, ఫలానా గవర్నరు హయాంలో జరిగింది అని సాక్షి చెప్పినట్టు ఉంటుంది. మీ పద్నాలుగు అంశాల్లో పిలాతు లేడు. అతనొక్కడే కాదు, ఇంకా చాలామంది లేరు. అది తర్వాత చెబుతాను.

ఆ ప్రమాణం ఎలా పుట్టిందో మన యూత్‌కు చెప్పినవాళ్లు లేరనుకుంటాను. పన్నెండుమంది అపొస్తలులు తలా ఒక వాక్యం చెప్పారనేది పాత కథ, అలా జరగలేదు. అది బాప్తిస్మం దగ్గర పుట్టింది. తొలి శతాబ్దాల్లో రోమాలో బాప్తిస్మం పొందేవాడు నీళ్లలో నిలబడితే మూడు ప్రశ్నలు అడిగేవారు. తండ్రియైన దేవుణ్ని నమ్ముతున్నావా? ఆయన కుమారుడైన యేసుక్రీస్తును నమ్ముతున్నావా? పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా? "నమ్ముతున్నాను" అన్న ప్రతిసారీ ఒక మునక. ఆ మూడు జవాబులే పెరిగి పెరిగి ఇప్పుడు మనం చెప్పుకునే రూపానికి వచ్చాయి. అందుకే అది 'నేను' అని మొదలవుతుంది. నీళ్లలో నిలబడ్డవాడు ఒక్కడే కదా.

నైసియా ప్రమాణం సంగతి వేరు. అది సభలో పుట్టింది కాబట్టి గ్రీకు మూలంలో 'మేము నమ్ముతున్నాము' అని ఉంటుంది. 325లో నైసియాలో, అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్ అనే ఊళ్లో, బిషప్పులు చక్రవర్తి పిలుపు మీద కూడారు. 2025తో దానికి 1700 ఏళ్లు నిండాయి. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు కూడా తండ్రి సృష్టించినవాడే, కుమారుడు లేని కాలం ఒకటి ఉండేది అని బోధించాడు. కాదు, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడు అని సభ తేల్చింది. అంతటితో అయిపోలేదు. ఆ 'ఏకతత్వం' అనే ఒక్క మాట మీద మరో యాభై ఏళ్లు కొట్టుకున్నారు. గ్రీకులో ఒక్క అక్షరం కలిపితే 'ఒకే తత్వం' కాస్తా 'పోలిన తత్వం' అవుతుంది, ఆ అక్షరం కోసం. అతనాసియస్ అనే బిషప్పును ఐదుసార్లు ఊరు నుంచి తరిమేశారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో పరిశుద్ధాత్మను గురించిన వాక్యాలు కలిశాక గానీ ఆ ప్రమాణం ఇప్పుడున్న రూపానికి రాలేదు.

ఇదంతా చరిత్ర పాఠం చెప్పడానికి కాదు. ఒక్క మాట కలపడానికి వాళ్లకు అంత కాలం పట్టింది. మనం రెండు మీటింగుల్లో పది అంశాలు కలిపేశాం, రెండో మీటింగుకు సగంమంది రానే లేదు.

ఈ ఊరికీ ఆ ప్రమాణానికీ ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. 1726లో మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ ఇక్కడే తెలుగు నేర్చుకున్నాడు. తిరిగి వెళ్లాక హాలే పట్టణంలో 1746లో ఒక చిన్న క్రైస్తవ ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. మన భాష అచ్చులోకి వచ్చిందే 'మేము ఏమి నమ్ముతాము' అనే ప్రశ్నకు జవాబుగా. ఆ భాష నేర్చిన ఊళ్లో కూర్చుని మనం విశ్వాస ప్రకటనను ముందు ఇంగ్లీషులో రాసి, తర్వాత ఫోన్లో తెలుగు చేసుకున్నాం. ఎలా తెలిసిందంటారా? ఏడో అంశంలో 'సంఘం' అని ఉండాల్సిన చోట 'చర్చి భవనం' అని ఉంది. క్రీస్తు చర్చి భవనానికి శిరస్సు అని మనమందరం సంతకం పెడుతున్నాం. ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు లేనివాటి గురించి. మన ప్రమాణంలో 'శ్రమపడి, సిలువ వేయబడి, చనిపోయి, పాతిపెట్టబడి' అని నాలుగు మాటలు వరసగా ఉంటాయి. మీ కాగితంలో 'సిలువలో మన కొరకు మరణించి తిరిగి లేచెను' అని ఉంది. పాతిపెట్టబడడం లేదు. అదొక చిన్న మాట, కుదించాం అంటారేమో. పౌలు కుదించలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో, తనకు అప్పగించబడినదాన్నే తాను వాళ్లకు అప్పగించానని చెబుతూ, క్రీస్తు మృతి పొందెను, సమాధి చేయబడెను, లేపబడెను అని వరసగా రాశాడు. నిజంగా చనిపోయినవాడినే పాతిపెడతారు. వార్డులో ముప్పై ఏళ్లు చేసినదాన్ని, ఆ మాట విలువ నాకు తెలుసు. పక్క మంచం ఆయన పోయాడని చెబితే బంధువులు నమ్మరు. ఇంకోసారి చూడమ్మా, ఇంకోసారి చూడమ్మా అంటారు. మట్టి వేసి వచ్చాకే నమ్ముతారు.

'శరీర పునరుత్థానమును' అనేది కూడా పోయింది. దాని బదులు 'మరణించిన విశ్వాసులు పరలోకంలో ఉంటారు' అని రాశారు. రెండూ ఒకటి కాదు తమ్ముళ్లూ. ఆత్మ ఎగిరిపోయి పైన ఉంటుందని చాలా మతాలు చెబుతాయి, మనం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మనవాళ్లు నమ్మింది, ఈ ఒళ్లే లేస్తుందని. నవంబరు 2న సమాధుల పండుగకు మీరు కూడా వచ్చారు కదా. కీల్పాక్ సమాధుల తోటలో కొత్త గోతికి చోటు దొరకడం ఎంత కష్టమో తెలుసు. పాత కుటుంబ సమాధినే మళ్లీ తెరిచి, తాత ఎముకల పక్కన మనవణ్ని పెడతారు. తమిళవాళ్లు, మలయాళంవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, మనం, అందరం ఒకే రోజు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుని వస్తాం. పక్క సమాధి మీద కొవ్వొత్తి ఆరిపోతే మనదే తీసి వెలిగిస్తాం, వాళ్లెవరో తెలియకపోయినా. 'పరిశుద్ధుల సహవాసమును' అంటే నాకు తెలిసిన అర్థం అది. అది కూడా మీ కాగితంలో లేదు.

'సార్వత్రిక సంఘము' ఎందుకు తీసేశారో మాత్రం విన్నాను. ఇంగ్లీషు ప్రమాణంలో అక్కడ 'కేథలిక్' అని ఉంది, మనం కేథలిక్కులం కాదు కదా అని ఒక తమ్ముడు అన్నాడట. ఆ మాటకు అక్కడ రోమన్ కేథలిక్ సంఘం అని అర్థం కాదు. అన్ని కాలాల్లో, అన్ని చోట్లా ఉన్న ఒకే సంఘం అని అర్థం. మన పెద్దలు దాన్ని 'సార్వత్రిక' అని చక్కగా తెలుగు చేసి పెట్టారు, తెలుగులో చదివి ఉంటే ఆ అనుమానమే వచ్చేది కాదు.

ఇక తొమ్మిదో అంశం. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

'క్రీస్తు పొందిన దెబ్బలచేత ప్రతి విశ్వాసికి సంపూర్ణ ఆరోగ్యము హక్కుగా ఇవ్వబడినది. విశ్వాసముతో అడిగిన వానికి అది నిరాకరింపబడదు' అని ఉంది. ప్రార్థనను తక్కువ చేసేదాన్ని కాను నేను. ఇంజెక్షన్ వేసే ముందు లోపల ప్రార్థన చేసుకోని రోజు లేదు. డాక్టర్లు వదిలేసిన మనిషి లేచి నడిచి వెళ్లడం నా కళ్లతో చూశాను. దేవుడు స్వస్థపరుస్తాడా అని అడిగితే, పరుస్తాడు అంటాను. కానీ 'హక్కు' అని ఎక్కడుంది? 'నిరాకరింపబడదు' అని ఎవరు చెప్పారు?

మన సంఘంలోనే ఒక అక్క ఉంది. పేరు అక్కర్లేదు. ఆమెకు చాలా ఏళ్లుగా షుగరు. కొన్నేళ్ల కిందట మనలో చాలామందిమి ఒక స్వస్థత కూటానికి వెళ్లాం. స్టేజీ మీద నుంచి బోధకుడు, ఇక్కడ షుగరుతో ఉన్న ఒక సహోదరి ఈ రాత్రి ముట్టబడింది, ఇక మాత్రలు మింగితే అది అవిశ్వాసం అన్నాడు. ఆ అక్క ఏడుస్తూ చేతులెత్తింది. మేమంతా 'ఆమెన్' అన్నాం. నేను కూడా అన్నాను. నర్సును, షుగరు మాత్రలు ఆపితే ఏమవుతుందో తెలిసినదాన్ని, చప్పట్లు కొడుతున్న జనం మధ్యలో నోరు మూసుకుని ఊరుకోలేకపోయాను, ఆమెన్ అన్నాను. ఇంటికి వచ్చాక వెళ్లి చెప్పాల్సింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుని ఊరుకున్నాను. నాలుగు నెలలకు కాలి వేలికి పుండు పడింది. ఆసుపత్రికి వచ్చేసరికి మోకాలి కింద దాకా తీసేయాల్సి వచ్చింది.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది తర్వాత జరిగింది. మన మధ్యలోనే ఎవరో ఆమెతో, "నీ విశ్వాసం సరిపోలేదేమో అక్కా" అన్నారు. అప్పటి నుంచి ఆమె ఆఖరి వరసలో గోడ పక్కన కూర్చుంటుంది. ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షారసం తన దగ్గరకు వచ్చినప్పుడు తల దించుకుంటుంది, తీసుకోదు. అడిగితే, "నాకు అర్హత లేదమ్మా" అంటుంది. బోధకుడు కారెక్కి వెళ్లిపోయాడు, కాలు మాత్రం ఆమెది పోయింది, దాని మీద తప్పు కూడా ఆమెదే అయింది. ఇప్పుడు మీరు ఆ మాటను తొమ్మిదో అంశంగా అచ్చువేసి, ఆమె చేతికే కాగితం ఇచ్చారు, సంతకం పెట్టమని. పోయిన ఆదివారం ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో పెట్టుకోవడం నేను చూశాను.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక ఆఖర్లో ఒక చిన్న మాట ఉంది. త్రోఫిము రోగిగా ఉన్నందున అతన్ని మిలేతులో విడిచి వచ్చానని. అంతే, ఇంకేమీ వివరణ లేదు. పౌలు ప్రార్థన చేయలేదా? త్రోఫిముకు విశ్వాసం చాలలేదా? పౌలు ఆ మాటే ఎత్తలేదు. తిమోతికైతే కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, 'నా కృప నీకు చాలును' అని జవాబు వచ్చింది. పౌలుకు నిరాకరించినదాన్ని మనం హక్కు అని ఎలా రాశాం? మన ప్రమాణంలో యేసయ్య భూమ్మీద బతికిన బతుకంతటినీ ఒక్క మాటలో చెబుతారు, 'శ్రమపడి' అని. శ్రమపడినవాణ్ని నమ్ముతామని చెప్పుకునే చోట, శ్రమపడుతున్న మనిషికి ఆఖరి వరసలోనైనా ప్రశాంతంగా కూర్చునే చోటు లేకుండా చేయకండి.

పదకొండో అంశం బాప్తిస్మం గురించి. పసితనంలో నీళ్లు చల్లించుకున్నవారిది బాప్తిస్మం కాదు, వాళ్లు మళ్లీ ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే సభ్యులు అని రాశారు. మా ఇంటివాళ్లం బాప్టిస్టులం. ఆ లెక్కన నాకు ఈ అంశంతో ఏ ఇబ్బందీ లేదు, నేను పద్నాలుగేళ్లప్పుడు మునిగినదాన్నే. కానీ మన సంఘం ఎవరితో ఏర్పడిందో మరిచిపోయారా? నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు బాప్టిస్టులు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు లూథరన్లు, 1842లో హయ్యర్ దొర అనే మిషనరీ అక్కడికి వచ్చిన కాలం నుంచి. కృష్ణా, ఖమ్మం వైపువాళ్లు దోర్నకల్ బిషప్పు సంబంధం, సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. ఊళ్లో ఉంటే వీళ్లు ఒకరి గుడికి ఒకరు వెళ్లేవాళ్లు కాదు. మద్రాసు వచ్చాక తెలుగులో పాడుకోవడానికి నలుగురు దొరికితే చాలని ఒక ఇంటి వరండాలో కూడారు. అలా మొదలైంది మనది. వరండాలో ఎవరూ ఎవరినీ, నువ్వు మునిగావా, చల్లించుకున్నావా అని అడగలేదు.

ఎనభై దాటిన మన రైల్వే తాతయ్యను నెలల బిడ్డగా ఉన్నప్పుడు గుంటూరు దగ్గర పల్లెలో లూథరన్ గుళ్లో ఎత్తుకుని తీసుకెళ్లారు. ఇన్నేళ్లు మనకు కోశాధికారిగా పనిచేశాడు, ఒక్క రూపాయి తేడా రాలేదు. ఇప్పుడు ఆయన్ని తొట్టిలో దింపుతారా? దింపకపోతే జాబితాలోంచి తీసేస్తారా?

ఈ గొడవను ఈ ఊరే ఒకసారి పరిష్కరించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి 1947 సెప్టెంబరు 27న, మన జెమినీ ఫ్లైఓవరుకు దగ్గర్లో ఉన్న సెయింట్ జార్జి కెథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. ఆ మాట మొదలైంది 1919లో తరంగంబాడిలో. అంటే 28 ఏళ్ల చర్చ. ఆ కలయిక కోసం ముందు నిలబడ్డవారిలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. తిరునెల్వేలి తమిళుడు, మన తెలుగుదేశంలో పల్లెలు తిరిగి బతుకంతా గడిపాడు. 1945 జనవరి 1న పోయాడు, కలయిక చూడలేదు. వాళ్లు కలవడానికి ఒప్పుకున్నవి నాలుగే: లేఖనాలు, అపొస్తలుల ప్రమాణంతో పాటు నైసియా ప్రమాణం, బాప్తిస్మం ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, బిషప్పుల పాలన. పసిపిల్లలకు ఇవ్వాలా, పెద్దయ్యాక ఇవ్వాలా అనేదాన్ని గుమ్మం దగ్గర పెట్టలేదు, రెండు పద్ధతులకూ చోటిచ్చారు. మా బాప్టిస్టులు అందులో చేరలేదు లెండి, అది వేరే సంగతి, చేరకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నేననేది, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలని మన సంఘం బోధించుకోవచ్చు. నేనూ అదే బోధిస్తాను. కానీ దాన్ని త్రిత్వం పక్కన కూర్చోబెట్టి, ఇది లేకపోతే నువ్వు బయట అనడం మాత్రం కుదరదు. బైబిల్లో ఐతియోపీయుడైన నపుంసకుడు రథం మీద వెళుతూ నీళ్లు కనపడగానే, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటని ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పు సంచిలోంచి పద్నాలుగు అంశాల కాగితం తీయలేదు.

పన్నెండో అంశం 'దశమభాగము ఇచ్చుట రక్షింపబడినవాని గుర్తు'. అంటే ఆదాయంలో పదో వంతు గుడికివ్వాలని. దాని కింద చిన్న అక్షరాల్లో, మూడు నెలలు వరసగా కానుక కవరు రాని కుటుంబానికి ఓటు లేదని. దీని గురించి ఎక్కువ రాయాలని లేదు, రాస్తే కోపం వస్తుంది. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేది, గుడికని. ఇంట్లో గంజి తాగిన రోజున కూడా వేసింది. ఎవరూ ఆమెకు కవరు నంబరు ఇవ్వలేదు. సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమని పౌలు చెప్పిన మాట ఆమె చదవలేదు కూడా.

ఒక్క సంగతి మాత్రం గుర్తు చేస్తాను. బేసిన్ బ్రిడ్జి దగ్గర ముక్కు మూసుకుని దాటుతామే, బకింగ్‌హామ్ కాలవ, దానిలో కొంత భాగాన్ని 1876-78 కరువులో ఆంధ్ర తీరంలో కూలి పనిగా తవ్వించారు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆ కాలవలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్న మనవాళ్లకు పని చూపించాడు. వేలమంది వచ్చారు. సాయంత్రం పని ఆగాక వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని, కరువు నడిచినన్నాళ్లూ నెలల తరబడి ఆపేశాడు. కరువు పోయి, కూలి ఆగి, ఇక దొర దగ్గర దొరికేదేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున, 1878 జులై 3న, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా నాన్న వాళ్ల తాతమ్మ ఆ రోజుల మనిషేనని ఇంట్లో చెప్పుకుంటారు, అది నిజమో గొప్పో నాకు తెలియదు. ఆ రోజు నీళ్లలో దిగినవాళ్లలో ఎక్కువమంది ఊరి బయట ఉండే మాదిగవాళ్లు. వాళ్లకు విశ్వాసానికీ గింజలకూ మధ్య ఆయన అంత జాగ్రత్తగా గీత గీశాడు. వాళ్ల మునిమనవలం మనం, ఏసీ హాల్లో కూర్చుని ఆ గీత చెరిపేసి, రక్షణ పక్కన కవరు పెట్టాం.

మిగతా అంశాలు, పెళ్లిళ్లు, నగలు, సినిమాల గురించినవి, వాటి మీద నాకు అభిప్రాయాలున్నాయి గానీ ఉత్తరం పెద్దదైపోతోంది. నగల సంగతి పాస్టరమ్మగారితో విడిగా మాట్లాడతాను.

నేనడిగేది ఇది. మొదటి నాలుగు అంశాలు ఉంచండి. తొమ్మిది, పదకొండు, పన్నెండు తీసేయండి. బోధించాలనుకుంటే ప్రసంగ పీఠం మీద నుంచి బోధించండి, సంతకాలు తీసుకోకండి. సభ్యత్వానికి ఏదో ఒకటి చెప్పించాలంటే అపొస్తలుల ప్రమాణం చెప్పించండి, మొత్తం, పిలాతుతో సహా, తెలుగులో. తెలుగు చదవడం రాని మన పిల్లలకు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి స్క్రీన్ మీద వేయండి, కానీ నోటితో పలకడం తెలుగులోనే పలకనివ్వండి. కిందటి క్రిస్మస్ నుంచి పాటలకు టైము చాలడం లేదని ఆరాధనలో ప్రమాణం ఎగ్గొడుతున్నారు. ఫోన్లో టైము పెట్టి చూశాను, నిమిషం కూడా పట్టదు.

ఆ అక్క దగ్గరకు కమిటీ నుంచి ఇద్దరు వెళ్లాలి. కాగితం సంగతి ఎత్తకుండా, ప్రభు భోజనపు బల్ల దగ్గరకు రమ్మని పిలవాలి. నేను ఇప్పటికే ఒకసారి వెళ్లాను, ఆ రోజు ఆమెన్ అన్నందుకు క్షమించమని అడిగాను. ఆమె నవ్వి, టీ పెట్టించింది. రొట్టె సంగతి మాత్రం మాట తప్పించేసింది. నేనొక్కదాన్ని పిలిస్తే చాలదు, సంఘం పిలవాలి.

సంతకం లేని నా కాగితం దీంతో పాటు పంపుతున్నాను. జాబితాలోంచి నా పేరు తీసేస్తే తీసేయండి, ఎనిమిదింటికి సండే స్కూలుకు మాత్రం వస్తాను, తాళం నా దగ్గరే ఉంది. జూన్ నుంచి పిల్లలకు ప్రమాణం వారానికి ఒక ముక్క చొప్పున నేర్పిస్తున్నాను. పిలాతు దాటారు. పోయిన వారం 'పాతిపెట్టబడి' దాకా వచ్చి ఆగాం. తర్వాత ఏమిటి టీచర్ అని ఒక పిల్ల అడిగింది, బెల్లు కొట్టేశారు.

మీ సహోదరి